ఆశయం కోసం ప్రాణం ఇవ్వడం గొప్పేనా? శ్రీరాములు గారి దగ్గర్నుంచి మన కాలం పిల్లల దాకా

గోదారి_గట్టు

చాలాకాలంగా మనసులో నలుగుతున్న విషయం, ఇక్కడ అన్ని ప్రాంతాల వాళ్ళూ ఉన్నారు కాబట్టి అడుగుతున్నా. పొట్టి శ్రీరాములు గారు 1952 అక్టోబర్ 19న మద్రాసులో బులుసు సాంబమూర్తి గారింట్లో దీక్షకి కూర్చున్నారు, డిసెంబర్ 15 రాత్రి పోయారు. 58 రోజులు. డిసెంబర్ 19న నెహ్రూ గారు ఆంధ్ర రాష్ట్రం ఇస్తున్నాం అన్నారు, 1953 అక్టోబర్ 1కి రాష్ట్రం వచ్చేసింది. నేను క్లాసులో చెప్పేది కూడా ఇదే వరుస, చనిపోయారు కాబట్టి వచ్చింది అని.

కానీ ఈ పాఠంలో ఒక పెద్ద ఖాళీ ఉంది. 1946లో ఇదే మనిషి నెల్లూరు మూలపేట వేణుగోపాలస్వామి గుడిలోకి దళితుల్ని రానివ్వాలని నిరాహారదీక్ష చేసి సాధించారు. తర్వాత కూడా అంటరానితనం పోవాలని మెడలో అట్టలు తగిలించుకుని నెల్లూరు ఎండలో వీధులమ్మట తిరిగేవారు, జనం పిచ్చోడు అనుకున్నా మానలేదు. ఆ శ్రీరాములు గారి గురించి మా పిల్లల్లో ఒక్కడికీ తెలీదు, అందరికీ తెలిసింది ఆఖరి 58 రోజులే. మరి మనం మనిషిని గౌరవిస్తున్నామా, చావునా?

ఇంకోటి. డిసెంబర్ మొదట్లో, అంటే దీక్ష మొదలై అప్పటికే నెలన్నర, నెహ్రూ గారు అప్పటి మద్రాసు ముఖ్యమంత్రి రాజాజీకి ఉత్తరం రాస్తూ ఈ దీక్షని పట్టించుకోదల్చుకోలేదు అన్నట్టుగానే రాశారు. పది పన్నెండు రోజుల తర్వాత మనిషి పోయాక మాత్రం కదిలారు. దీన్నుంచి పిల్లలు ఏం నేర్చుకోవాలి, బతికున్నవాడి మాట వినరు చచ్చినవాడి మాట వింటారు అనా? నాకు ఇది చాలా బాధగా ఉంటుంది. మీ మీ అభిప్రాయాలు చెప్పండి.

నిప్పుకణిక

సార్ నమస్తే. నా వరకు క్లియర్‌గా ఉంది. అంతకుముందే 1951లో స్వామి సీతారాం గారు ఇదే ఆంధ్ర రాష్ట్రం కోసం 35 రోజులు దీక్ష చేశారు, వినోబా భావే గారు చెప్పారని విరమించారు. ఏం వచ్చింది? ఏమీ రాలేదు. శ్రీరాములు గారు కూడా అలాగే ఎవరో పెద్దమనిషి చెప్పారని నిమ్మరసం తాగేసి ఉంటే ఇంకో కమిటీ ఇంకో రిపోర్టు అయ్యేది. ప్రాణం మీద ఆశ ఉన్నవాడితో ప్రభుత్వాలకి భయం లేదు. వెనక్కి తగ్గనివాడే చరిత్రలో ఉంటాడు, మనం బతికి మాత్రం ఏం చేస్తున్నాం, తిని పడుకోవడమేగా.

ఓయూ_2010

తమ్మీ నీ వయసెంతో నాకు తెల్వదు గని, ఈ మాట నేను గూడ అన్న. ఆర్ట్స్ కాలేజ్ ముందట నిలబడి అన్న. అందుకే జెర పెద్దగ రాస్త, ఓపికతోని చదువు.

2009 నవంబర్ 29 నాడు శ్రీకాంతాచారి ఎల్బీనగర్ చౌరస్తాల చేసుకున్నది దేశమంత చూసింది, డిసెంబర్ 3 నాడు పోయిండు. డిసెంబర్ 9 నాడు తెలంగాణ ఇస్తమని కేంద్ర హోంమంత్రి చిదంబరం గారి ప్రకటన వచ్చింది. మేము క్యాంపస్ల ఎగిరినం, ఏడ్చినం, ఒకల్ని ఒకలు పట్టుకున్నం. మల్ల 23 నాడు మాట మారింది. గప్పట్సంది ఏమయిందో మీకు పేపర్ల కనవడ్డదే తెలుసు, మాకు హాస్టల్ రూంలల్ల తెలుసు. తెల్లారి లేస్తే ఏ జిల్లాల ఎవరు పోయిండ్రో అని ఫోన్ చూసుడు అలవాటయింది. ప్రతి సభల జోహార్ అమరవీరులకు అని గొంతు పోయేదాంక అరిచినం. గదే సభల గదే స్టేజి మీద జేఏసీ (ఉద్యమ సంఘాల ఐక్యవేదిక) పెద్దలు చెయ్యెత్తి మొక్కి, బిడ్డా చావొద్దు, ఉండి కొట్లాడుదాం అనేటోళ్లు. రెండు మాటలు ఒక్క మైకులకెళ్లే వచ్చేటియి. ఏ మాట ఏ పిల్లగాని చెవుల పడ్తదో మాకు తెల్వకపాయె.

ఇగ తెలంగాణ ఎట్ల వచ్చిందంటవా. 2011 మార్చి 10 మిలియన్ మార్చ్ చూడు. సెప్టెంబర్ 13 నుంచి 42 రోజులు సకల జనుల సమ్మె చూడు. సింగరేణిల బొగ్గు ఆగింది, బస్సు ఆగింది, బడి బందయింది, సార్లు జీతం పోయినా కూసున్నరు. రోడ్డు మీద పొయ్యి వెట్టి వంటావార్పు చేసిన ఆడోళ్లు ఉన్నరు, ఊరికి ఊరు రోడ్డు మీద కూసొని తిన్నది. 2012ల హుస్సేన్‌సాగర్ కాడ సాగరహారం. గిదంత బతికున్నోళ్లు చేసిన పని. చచ్చిపోయినోళ్లను నేను తక్కువ చెయ్య, నా దోస్తులు ఉన్నరు అండ్ల. గని వాళ్లు గూడ వంటావార్పుల ఉండాల్సినోళ్లు, సాగరహారంల నా పక్క నిలవడాల్సినోళ్లు. 2014 జూన్ 2 నాడు వాళ్ల ఇండ్లల్ల దీపం వెట్టిండ్రు, మా ఇండ్లల్ల పటాకులు కాల్చినం.

పల్లె_డాక్టరమ్మ

నేను మానసిక వైద్యురాలిని, ఉద్యమం రోజుల్లో గవర్నమెంటు ఆస్పత్రిలో డ్యూటీలో ఉన్నాను. ఓయూ గారు రాసింది చదివి కాసేపు ఏమీ రాయలేకపోయాను.

ముందు ఒక విన్నపం. ఈ థ్రెడ్‌లో ఎవరు ఎలా చనిపోయారో వివరాలు దయచేసి రాయకండి. ఒక చావుని టీవీలో పదేపదే చూపిస్తే, పెద్ద బొమ్మ వేసి వీరుడు అని హెడ్డింగ్ పెడితే, అప్పటికే మనసు బాగోలేని ఇంకో పిల్లాడికి అదొక దారిలా కనిపిస్తుంది. ఇది నా ఊహ కాదు, మా చదువులో గట్టిగా రుజువైన విషయం, ప్రపంచ ఆరోగ్య సంస్థ మీడియాకి ఇచ్చిన సూచనల్లో కూడా ఉంది. అప్పట్లో మా దగ్గరికి బతికి వచ్చిన పిల్లలతో మాట్లాడితే ఉద్యమం ఒక్కటే కాదు, ఫీజు కట్టలేకపోవడం, ఇంట్లో అప్పు, ఉద్యోగం రాదన్న దిగులు, ఎవరికీ చెప్పుకోలేని ఒంటరితనం, అన్నీ కలిసి ఉండేవి. ఉద్యమం ఆ బాధకి ఒక పెద్ద పేరు ఇచ్చింది. ఇలా పోతే నలుగురూ నన్ను గుర్తుపెట్టుకుంటారు అని ఒక అబ్బాయి నాతోనే అన్నాడు. ఆ రాత్రి వాడి మంచం పక్కన వాళ్ళమ్మ కూర్చునే ఉంది.

శ్రీరాములు గారి దీక్షనీ దీన్నీ ఒకే గాటన కట్టకూడదని నాకు అనిపిస్తుంది. ఆయనకి యాభై ఏళ్ళు దాటాయి, సబర్మతిలో గాంధీ గారి దగ్గర పెరిగిన క్రమశిక్షణ, ఏం అడుగుతున్నారో చెప్పి కూర్చున్నారు, ప్రభుత్వానికి 58 రోజులు టైమ్ ఇచ్చారు. ఏ రోజైనా ఎవరైనా వచ్చి ఆపగలిగేవారు. ఆపకపోవడం వాళ్ళ తప్పు. ఇరవై ఏళ్ళ పిల్లాడు ఒక రాత్రి తీసుకునే నిర్ణయంలో ఎవరికీ ఆపే అవకాశమే లేదు.

ఇది చదివేవాళ్ళలో ఎవరికైనా మనసు అలా లాగుతుంటే టెలీ మానస్ నంబర్ 14416, ఏ టైములో అయినా చెయ్యొచ్చు, ఫ్రీ, తెలుగులో మాట్లాడతారు.

అడ్మిన్

డాక్టర్ గారి విన్నపం ఈ థ్రెడ్‌కి రూల్. వివరాలున్న పోస్టులు తీసేస్తాం. ప్రాంతాల మధ్య తిట్లు కూడా వద్దు.

ఉక్కునగరం

నేను విశాఖ స్టీల్ ప్లాంటులో పనిచేస్తున్నాను, మా నాన్న కూడా ఇందులోనే చేశారు. విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు అని అందరూ అంటారు, 32 మంది ప్రాణాలిచ్చారు అని కూడా అంటారు, 1966 అంటే ఏటో మాత్రం చాలామందికి తెలీదు. ఆ అక్టోబర్‌లో అమృతరావు గారు విశాఖలో దీక్షకి కూర్చున్నారు, తెన్నేటి విశ్వనాథం గారు లాంటి పెద్దలు ముందుండి నడిపారు, నవంబర్ 1న విశాఖలో పోలీసు కాల్పులు జరిగాయి. మిగతా ఊళ్ళలో కూడా కాల్పులయ్యాయి. నేను చెప్పాలనుకున్నది ఏటంటే ఆ రోజు చనిపోయిన వాళ్ళెవరూ చావడానికి ఇంట్లోంచి బయల్దేరలేదు. ఊరేగింపుకి వెళ్ళారు. స్టూడెంట్లు, పనికి వెళ్ళేవాళ్ళు. సాయంత్రానికి ఇంటికొచ్చి అన్నం తిందాం అనుకునే వెళ్ళారు. వాళ్ళని చంపారు. మనం మాత్రం ప్రాణాలు ఇచ్చారు అంటాం, అలాగ అనేసరికి తుపాకీ పేల్చినవాడు మన మాటల్లోంచి మాయమైపోతాడు.

ఇంకో త్యాగం ఉంది, దాన్ని ఎవరూ త్యాగం అనరు. ప్లాంటు కోసం అరవైకి పైగా ఊళ్ళు ఖాళీ చేశారు. పొలం ఇచ్చారు, కొబ్బరి చెట్లు ఇచ్చారు, శ్మశానం కూడా ఇచ్చారు. ఇంటికో ఉద్యోగం అని ఆర్ కార్డులు ఇచ్చారు, ఆ కార్డులు పట్టుకుని ఇంకా తిరుగుతున్న నిర్వాసితుల కుటుంబాలు వేలల్లో ఉన్నాయి. వాళ్ళలో కొందరు ప్లాంటు గేటు ముందే టీ అమ్ముకుంటున్నారు. చచ్చిపోయి ఉంటే విగ్రహం పెట్టేవారేమో, బతికున్నారు కాబట్టి ఫైలులో ఉన్నారు.

2021 జనవరిలో కేంద్రం వందశాతం వాటా అమ్మేస్తాం అంది. ఫిబ్రవరి నుంచి మేము కూర్మన్నపాలెం జంక్షన్‌లో టెంటు వేసి డిపార్ట్‌మెంట్ల వారీగా వంతులేసుకుని రిలే దీక్షలు చేశాం, వెయ్యి రోజులు దాటింది. ఎండ, గులాబ్ తుఫాను వాన, కోవిడ్ సెకండ్ వేవ్‌లో తోటివాళ్ళు పోతున్నా టెంటు తియ్యలేదు. నైట్ షిఫ్ట్ దిగి వచ్చి కూర్చునేవాళ్ళం. టీవీ వాళ్ళు మొదటి నెలలు వచ్చారు, తర్వాత రాలేదు. ఒక రిపోర్టరు మా యూనియన్ పెద్దాయన్ని ఆమరణ దీక్ష ఎప్పుడు అని అడిగాడు, నాకు ఒళ్ళు మండిపోయింది.

నిప్పుకణిక

అన్నా మీరందరూ చెప్పేది నాకు అర్థమవుతోంది కానీ నా ప్రశ్నకి ఎవరూ జవాబు చెప్పలేదు. ఆ రిపోర్టరు ఎందుకు అడిగాడు? ఆమరణ దీక్ష అయితేనే ఢిల్లీ చూస్తుందని. అది మీ తప్పు కాదు, నిజం అదే. స్వామి సీతారాం గారి విషయం ఎవరూ ముట్టుకోలేదు. ఆయన ఆగారు, రాలేదు. ఈయన ఆగలేదు, వచ్చింది. దీనికి జవాబు చెప్పండి.

గోదారి_గట్టు

మంచి ప్రశ్న బాబూ, తప్పించుకోను. 1913లో బాపట్లలో మొదటి ఆంధ్ర మహాసభ పెట్టిన దగ్గర్నుంచి నలభై ఏళ్ళు జనం పనిచేశారు, సభలు, పత్రికలు, గ్రంథాలయాలు, కాంగ్రెస్‌లో ఆంధ్రకి విడిగా ప్రదేశ్ కమిటీ తెచ్చుకోవడం. ఇదంతా ఎండుగడ్డిలా పేరుకుని ఉంది, 1952 డిసెంబర్ 15న నిప్పు పడింది. గడ్డి లేకుండా నిప్పు పడితే ఏమయ్యేది? ఇక ఆ నాలుగు రోజుల్లో ఢిల్లీ కదిలింది ఒక్క మరణానికే కాదు, కోస్తా అంతా రోడ్ల మీదికి వచ్చేసింది, రైళ్ళు ఆగిపోయాయి, ప్రభుత్వ ఆఫీసుల మీద పడ్డారు, పోలీసు కాల్పుల్లో జనం చనిపోయారు. శ్రీరాములు గారు మాత్రం అహింస అనే కూర్చున్నారు. ఆయన కోరుకోని మంటల మీద ఆయన కోరుకున్న రాష్ట్రం వచ్చింది. కాల్పుల్లో పోయిన వాళ్ళ పేర్లు మాత్రం ఏ పాఠంలోనూ లేవు.

కాబట్టి ఆయన ఆగి ఉంటే ఆ డిసెంబర్‌లో రాకపోయేదేమో, ఒప్పుకుంటాను. ఎప్పటికీ వచ్చేదే కాదు అంటే మాత్రం ఒప్పుకోలేను. 1956కల్లా దేశమంతా భాషని బట్టి రాష్ట్రాలు గీశారు. కర్ణాటకకి, కేరళకి 58 రోజుల చావు అవసరం పడలేదు.

మైలాపూర్_తెలుగు

గోదారి గారూ ఒక్కటి కలుపుతాను. మాది మూడు తరాలుగా చెన్నై. సాంబమూర్తి గారి ఇల్లు రాయపేట హైరోడ్డులో ఇప్పుడు స్మారక భవనం. మీ అందరికీ ఆయన ఆంధ్ర రాష్ట్రం ఇచ్చినాయన, మాకు మాత్రం ఆయన మద్రాసుతో సహా రాష్ట్రం అడిగినాయన. అది రాలేదు. 1949లో నెహ్రూ, పటేల్, పట్టాభి ఉన్న కాంగ్రెస్ వాళ్ళ జేవీపీ కమిటీయే మద్రాసు వదులుకుంటేనే ఆంధ్ర అని చెప్పేసింది, 1953లో అలాగే ఇచ్చారు. అంటే మనిషి ప్రాణం పెట్టి అడిగిన దాంట్లో సగం ఇచ్చారు. బతికుంటే మిగతా సగానికి బేరం ఆడేవాడు కదా. పోయినవాడు బేరం ఆడలేడు, ఆయన పేరుతో బేరం ఆడేవాళ్ళు వేరే ఉంటారు, వాళ్ళకి ఏది సరిపోతే దానికి ఆయన తృప్తి పడ్డట్టు రాసేస్తారు. మా తాతగారి తరం ఇది మింగుకోలేక పోయింది.

సీమబిడ్డ

అదే మాట నేనూ చెప్పల్ల అనుకుంటి. మాది కర్నూలు. ఆయప్ప చచ్చిపోతే మాకు రాజధాని వచ్చింది, డేరాల్లో ఆఫీసులు పెట్టినారు, మా జేజినాయన చూసినాడు. 1937లో కోస్తా, సీమ నాయకులు శ్రీబాగ్ ఒడంబడిక రాసుకోకపోతే అదీ వచ్చేది కాదు. మూడేండ్లు, అంతే. 1956లో హైదరాబాదుకి ఎత్తుకపోయినారు. మాకు నీళ్ళు అన్నారు, యాడ? ఏ త్యాగం చేసినా దాని ఫలం ఎవురికి పోతాదో చచ్చినోడి చేతిలో లేదప్పా. ఆయప్పంటే మాకు దేవుడే. అనంతపురం, కర్నూలు పల్లెల్లో నీళ్ళకోసం ఇంకా కొట్లాడుతుండే ముసలోళ్ళు ఉండారు, వాళ్ళకి ఒక దండ వేసినోడు లేడు.

మన్యం_గాలి

మాది చింతపల్లి వైపు. అల్లూరి సీతారామరాజు గారి పేరు మాకు ప్రాణం, ఇప్పుడు జిల్లాకి కూడా ఆ పేరే. 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీస్ స్టేషన్, తర్వాత కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి, వరసగా మూడు రోజుల్లో మూడు స్టేషన్ల మీద పడి తుపాకులు తీసుకున్నారు. ఎందుకు? 1882 అడవి చట్టంతో పోడు (అడవి కొట్టి చేసే కొండ వ్యవసాయం) ఆపేశారు, పుల్ల ఏరితే కేసు, గూడెంలో తహసీల్దారు రోడ్డు పనికి మనుషుల్ని పశువుల్లా తోలి కూలి ఇవ్వలేదు. చావడం కోసం కాదు, పోడు కోసం. 1924 మే 7న కొయ్యూరులో రాజుగారిని పట్టుకుని విచారణ లేకుండా కాల్చేశారు.

ఆయన పక్కన గాం గంటందొర, గాం మల్లుదొర అన్నదమ్ములు ఉండేవారు. గంటందొరని పోలీసులు చంపేశారు. మల్లుదొర దొరికాడు, అండమాన్ జైలుకి పంపారు. ఆ మనిషి అక్కడ చచ్చిపోలేదు. తిరిగొచ్చి 1952 మొదటి ఎన్నికల్లో విశాఖపట్నం నుంచి లోక్‌సభకి గెలిచాడు! తెల్లోడి చట్టం మీద తిరగబడ్డ కొండమనిషి చట్టాలు చేసే సభలో కూర్చున్నాడు. ఈ మాట నేను ఎక్కడ చెప్పినా నిజమా అని అడుగుతారు, మా వైపు వాళ్ళు కూడా. అన్న గంటందొర పాట ఉంది, సమాధి ఉంది, రాజుగారి విగ్రహం ప్రతి సెంటర్‌లో ఉంది, మల్లుదొర మాత్రం ఎవరికీ గుర్తు లేడు. ఎందుకంటే తుపాకీ గుండు తగల్లేదు. నిప్పుకణిక గారూ, వెనక్కి తగ్గనివాడే చరిత్రలో ఉంటాడు అన్నారు కదా, మల్లుదొర ఎక్కడ తగ్గాడు చెప్పండి.

ఇక పోడు సంగతి 1924తో అయిపోలేదు, 2006లో అటవీ హక్కుల చట్టం వచ్చేదాకా మా వాళ్ళు తిరుగుతూనే ఉన్నారు, ఇప్పుడూ పట్టా కోసం ఆఫీసుకి తిరుగుతూనే ఉన్నారు. ఇదీ ఆ యుద్ధమే.

ఓయూ_2010

మస్తు చెప్పినవ్ చెల్లె. మా దిక్కు గూడ గిట్లనే. దొడ్డి కొమరయ్య 1946 జూలై 4 నాడు కడవెండిల విసునూరు దేశ్‌ముఖ్ దొర మనుషుల తుపాకికి పోయిండు, తెలంగాణ సాయుధ పోరాటం ఆడికెళ్లే అంటుకున్నది. గని గంతకు ముందే పాలకుర్తిల చాకలి ఐలమ్మ అదే దొర మనుషులు పంట కోస్తమని వస్తే సంగపోళ్లతోని నిలవడి వాళ్లను తరిమి వడ్లు ఇంటికి తెచ్చుకున్నది. 1985 దాంక బతికింది. ఆ భూమి మీద నిలవడ్డది. నాకు ఇద్దరూ సమానమే. కొమరయ్యను తలిచినప్పుడల్ల ఐలమ్మను గూడ తల్వాలె అంట నేను.

మాజీ_హవల్దార్

నాది పశ్చిమ గోదావరి, మిలిటరీ మాధవరం దగ్గర ఊరు, ఆ ఊళ్ళో ఇంటికొకరు సైన్యంలో ఉంటారని మీరు వినే ఉంటారు. రిటైరయ్యాను. దేశం కోసం ప్రాణం ఇవ్వడం అని సినిమాలో చెప్పినట్టు మా బ్యారక్‌లో ఎవరూ మాట్లాడుకోరు. ట్రైనింగ్ మొదటి రోజు నుంచీ నేర్పేది పని ఎలా పూర్తిచెయ్యాలి, పక్కవాడిని ఎలా వెనక్కి తేవాలి. ఎవడైనా నేను చచ్చిపోతా సార్ అని ఉత్సాహపడితే వాడిని ముందు పోస్టుకి పంపరు, వాడి వల్ల మిగతావాళ్ళు పోతారు. మన సూర్యాపేట కల్నల్ సంతోష్ బాబు గారు 2020 జూన్ 15న గల్వాన్‌లో పోయారు, మొత్తం ఇరవై మంది. ఆయన చనిపోదామని వెళ్ళలేదు, చైనావాళ్ళు ఒప్పుకున్నట్టు వెనక్కి వెళ్ళారా లేదా చూడ్డానికి వెళ్ళారు. అది ఆయన డ్యూటీ. వెళ్తే ఏమైనా జరగొచ్చని తెలుసు, తెలిసి వెళ్ళారు, దానికి నేను సెల్యూట్ చేస్తాను. నాతో పనిచేసిన వాళ్ళలో కొందరు తిరిగి రాలేదు. వాళ్ళ ఇళ్ళకి వెళ్ళినప్పుడు వీరుడు అని ఊరంతా అంటుంటే వాళ్ళావిడ నన్ను పక్కకి పిలిచి ఒకటే అడుగుతుంది, చివర్లో నొప్పి పడ్డారా అన్నయ్యా అని.

నిప్పుకణిక

హవల్దార్ గారూ మీరు రాసింది రెండుసార్లు చదివాను. కానీ మీరే అన్నారు, ఏమైనా జరగొచ్చని తెలిసి వెళ్ళారు అని. ఉక్కునగరం గారు చెప్పిన 1966 వాళ్ళు కూడా కాల్పులు జరగొచ్చని తెలిసే వెళ్ళి ఉంటారు. నేను అనేది అదే, ఆ తెగింపు గొప్పది. భగత్ సింగ్‌కి తప్పించుకునే ఛాన్స్ ఉండి కూడా అసెంబ్లీలో నిలబడి పట్టుబడ్డాడు. ఆ తెగింపు లేకపోతే ఇవేవీ ఉండవు. ఇది కూడా కాదంటారా?

పల్లె_డాక్టరమ్మ

కాదనను నాన్నా, ఇది నేను పూర్తిగా ఒప్పుకుంటాను. ప్రమాదం ఉందని తెలిసి వెళ్ళడం వేరు, చావే పనిముట్టు అనుకోవడం వేరు. మొదటిదాంట్లో మనిషి ఇంటికి తిరిగి రావాలనే అనుకుంటాడు, రావడానికి చూస్తాడు, రాకపోతే అవతలివాడు ఆపాడు. నువ్వు భగత్ సింగ్ పేరు తీశావు కాబట్టి, 1929లో లాహోర్ జైల్లో ఆయనా తోటివాళ్ళూ ఖైదీల హక్కుల కోసం నిరాహారదీక్ష చేశారు, జతిన్ దాస్ 63 రోజులకి చనిపోయారు. భగత్ సింగ్ తర్వాత దీక్ష విరమించారు. విరమించారని ఆయన్ని ఎవరైనా తక్కువ చేశారా? ఉరి తీసేదాకా పుస్తకాలు చదువుతూ రాస్తూనే ఉన్నారు.

దీనికి ఎదురు ఉదాహరణ మన కళ్ళ ముందే ఉంది, ఇరోమ్ షర్మిల. మణిపూర్‌లో సైన్యానికి ఇచ్చిన ప్రత్యేక అధికారాల చట్టం తీసెయ్యాలని 2000 నవంబర్ నుంచి 2016 ఆగస్టు దాకా, ముక్కులో గొట్టంతో. పదహారేళ్ళు! దీక్ష ఆపి, ఎన్నికల్లో పోటీ చేస్తా, పెళ్ళి చేసుకుంటా అన్న రోజున ఆమె వాళ్ళే ఆమె మీద కోపం తెచ్చుకున్నారు, ఉండటానికి చోటు కూడా కష్టమైంది. 2017లో ముఖ్యమంత్రి మీద నిలబడితే 90 ఓట్లు వచ్చాయి. తొంభై. మంచం మీద ఉన్నంతకాలం దేవత, బతుకుతాను అనగానే ద్రోహి. ఈ జనంలో నేనూ ఉన్నాను, మీరూ ఉన్నారు. ఆశయం కోసం చావడం గొప్పదా అని అడిగే ముందు, మనం ఎదుటివాళ్ళని చావమని ఎంత మెత్తగా తోస్తున్నామో చూసుకోవాలి అని నాకనిపిస్తుంది.

సీమబిడ్డ

అమ్మా ఇది మాత్రం గుండెలో గుచ్చుకునింది.

ఓయూ_2010

డాక్టరమ్మా, ఒక్క మాట చెప్పి ఆపుత. అమరుల సంఖ్య 1200 అని మేమే చెప్పినం, రాష్ట్రం వచ్చినంక పది లక్షల సాయం లిస్టులకు ఎక్కిన ఇండ్లు గంతకన్న చాల తక్కువ. మిగతా వాళ్లు కాగితాల కోసం ఎమ్మార్వో ఆఫీసుల చుట్టు తిరిగిండ్రు, నీ కొడుకు ఉద్యమం కోసమే పోయిండని రుజువు తే అని అడిగిండ్రు. తల్లి ఏం రుజువు తెస్తది? 2023ల హుస్సేన్‌సాగర్ కాడ పెద్ద స్మారకం కట్టిండ్రు, మంచిగనే ఉన్నది, పోయి చూసిన. నాకు కావల్సింది ఆ పిల్లలు అడిగిన కొలువులు. నీళ్లు, నిధులు, నియామకాలు అన్నం కద. హైదరాబాద్ అశోక్‌నగర్ల రూంలల్ల ఉండి కొలువుల పరీక్షలకు చదివే పిల్లలు పరీక్ష పేపరు లీకయి పరీక్ష రద్దయితే మల్ల రోడ్డెక్కిండ్రు. నేను పోయి వాళ్లతోని కూసున్న. మైకు ఇస్తే ఒక్కటే చెప్పిన, ఎవ్వడన్న ప్రాణం మాట ఎత్తితే ఈ టెంటుల కూసోనియ్య, రూంల ఒక్కన్ని గూడ ఉండనియ్య, ఇద్దరిద్దరు పండుకోండ్రి అని. పోరగాండ్లు తలకాయ ఊపిండ్రు. ఆ రాత్రి నేను గూడ ఆడనే పండుకున్న.

నిప్పుకణిక

ఓయూ అన్నా, మీ మెసేజ్ చూశాక నాకు రాయడానికి టైమ్ పట్టింది. శ్రీరాములు గారు ఆగకుండా ఉండటమే కరెక్ట్ అని నేను ఇప్పటికీ అనుకుంటున్నా, గోదారి సార్ ఏమన్నా సరే. కానీ సార్ చెప్పిన ఒక విషయం తలలోంచి పోవట్లేదు, 1952లో కాల్పుల్లో పోయిన వాళ్ళ పేర్లు లేవు అన్నారు కదా. నిజంగా ఎక్కడా లేవా? వాళ్ళ ఊళ్ళు, వయసులు ఏమన్నా దొరుకుతాయా సార్?

గోదారి_గట్టు

దొరకాలి బాబూ. ఆ రోజుల ఆంధ్రపత్రిక సంచికల్లో వార్తలు వచ్చి ఉంటాయి. మా రాజమండ్రి గౌతమీ గ్రంథాలయంలో పాత పత్రికలు ఉంటాయి, వచ్చే వారం కాలేజీకి సెలవు పెట్టి 1952 డిసెంబర్ 16 నుంచి నెలాఖరు దాకా ఏం దొరుకుతుందో చూస్తాను. నువ్వు ఏ ఊరు? నెల్లూరు దగ్గరైతే అక్కడి లైబ్రరీలో ఒకసారి అడుగు. పేరు, ఊరు, వయసు, ఏ రోజు, అంతే రాసుకో, ఏ వార్తలో చూశావో కూడా రాయి.

నిప్పుకణిక

గూడూరు సార్. శనివారం నెల్లూరు వెళ్తాను.

ఉక్కునగరం

మా వైపు ఊళ్ళలో పెద్దవాళ్ళని నేను అడుగుతాను. 1966 పేర్లు మా యూనియన్ ఆఫీసులో ఎంతవరకు ఉన్నాయో చూసి అవి కూడా పెడతాను, దాంతోపాటు నిర్వాసితుల ఊళ్ళ పేర్లు కూడా. రెండూ ఒకే లిస్టులో పెడదాం సార్, విడివిడిగా వద్దు.